తోట కొలనునకు అతినీలలోహిత దీపము

గ్రామమున నొక తోటయు, దాని నడుమ నొక చిన్న కొలనును ఉండవలెనని పంచాయతీ సభ్యులు కోరుట సహజము. 2016లో మండల కేంద్రమైన రుద్రంగి వంటి చోట్ల పాఠశాల ఆవరణమునందో, పల్లె ప్రకృతి వనమునందో ఇట్టి కొలనును నిర్మించినచో మొదటి మాసము కన్నుల పండువుగా నుండును. ఎండ ముదిరినంతనే నీరు పసరువలె మారును, చేపలు కానరావు. నీటిని తోడి మరల నింపినను కొలది దినములకే పచ్చబడును. వేసవిలో బోరునీటిని ఈ విధముగా పారబోయుట మనకు తగదు.

ఈ పచ్చదనమునకు కారణము నీటిలో తేలియాడు ఏకకణపు నాచు. అది వడపోతలోనుండి సైతము జారిపోవునంత సూక్ష్మమైనది. దీనిని అణచుటకు అతినీలలోహిత దీపము ఉపకరించును. సూర్యరశ్మి సూక్ష్మజీవులను చంపునని 1877లోనే ఇంగ్లండునందు డౌన్స్, బ్లంట్ అనువారు నిరూపించిరి. సూర్యుని అతినీలలోహిత కిరణములలో మిక్కిలి తీవ్రమైనవి వాయుమండలమునందే నిలిచిపోవును. 254 నానోమీటర్ల అట్టి కిరణములను పాదరసపు దీపము వెలువరించును. సాధారణపు గాజు వీనిని అడ్డగించును గనుక దీపమును క్వార్ట్‌జ్ గొట్టమున నుంచి, దాని చుట్టును పంపుతో నీటిని నడిపింతురు. కిరణములు సోకిన నాచు వృద్ధి చెందజాలక ముద్దలు కట్టి వడపోతకు చిక్కును. కావున వడపోత లేని దీపము సగము పని మాత్రమే చేయును. రాళ్లను పట్టుకొనియుండు పాచిపై దీని ప్రభావము లేదు. దానిని చేతితో తీయవలసినదే. ఊరి చెరువునకు ఈ దీపమును తలపెట్టుట వృథా.

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల లోతు గల కొలనున 9,000 లీటర్ల నీరు పట్టును. దీనికి 18 వాట్ల దీపమును, 40 వాట్ల పంపును రేయింబవళ్లు నడిపినచో నెలకు సుమారు 42 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఈ ఖర్చును, ఏటేట కొత్త దీపము వెలను ముందే లెక్కలో చేర్చినగాని తీర్మానము చేయరాదని మా అభిప్రాయము.

ఏటేట ఎందుకన, ఎడతెగక వెలుగు దీపము సుమారు 9,000 గంటలకు, అనగా ఏడాదికి, కిరణశక్తిని చాలవరకు కోల్పోవును. నీలి వెలుగు మాత్రము కనబడుచునే యుండును! వెలుగుచున్నది గదా యని వదలివేసినచో కరెంటు ఖర్చే మిగులును. బోరునీటి సున్నము గొట్టముపై తెల్లని పొరగా పేరుకొనినను కిరణములు నీటిని చేరవు. రెండు మూడు నెలలకొకసారి గొట్టమును తీసి, నిమ్మరసముతో గాని వెనిగరుతో గాని మెత్తని గుడ్డతో తుడువవలెను. గరుకు పీచు వాడరాదు.

మూత విప్పుటకు ముందు విద్యుత్తును నిలుపవలెను. వెలుగుచున్న దీపమును కంటితో చూచినచో కన్ను దెబ్బతినును, చర్మము కమలును. తోటలో పిల్లలు తిరుగుదురు గనుక పెట్టెకు తాళము, విద్యుత్తు నేలకు ప్రసరించినంతనే సరఫరాను ఆపు స్విచ్చి తప్పనిసరి. పాత దీపమున పాదరసముండును. దానిని పగులగొట్టక, చెత్త ట్రాక్టరులో కలుపక వేరుగా భద్రపరచి, ప్రమాదకర వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను.

తేటపడిన ఈ నీరు త్రాగుటకు పనికిరాదని కొలను వద్ద పలక కట్టవలెను. చేపలకు వేయు మేతను తగ్గించి, ఆకులను ఏరివేసి, కొంత భాగమున తామరలు పెంచినచో దీపమునకు శ్రమ తగ్గును. దీపము మార్చిన తేదీని పెట్టె మూతపై రంగుతో వ్రాయించి, పంచాయతీ రిజిస్టరునందును నమోదు చేయించునది.