రొయ్యలు కొన్న కంపెనీ రద్దయితే: చేయవలసినవి, చేయకూడనివి

కృష్ణా జిల్లా కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో పట్టుబడి అయ్యాక డబ్బు చాలాసార్లు అరువు మీదే నడుస్తుంది. ఆలోగా కొన్న కంపెనీ పేరును కంపెనీల రిజిస్ట్రారు తన జాబితాలోంచి కొట్టేస్తే, రైతుకు వినిపించే జవాబు ‘ఆ కంపెనీయే లేదండీ’. ఆ మాటకు వెనుదిరగకండి. 2013 కంపెనీల చట్టం 250వ సెక్షన్ ప్రకారం, పేరు కొట్టేసినా బాకీలు తీర్చే మేరకు కంపెనీ ఉన్నట్టే లెక్క. డైరెక్టర్లకు అప్పటికే ఏదైనా బాధ్యత ఉంటే అదీ పోదు.

చేయవలసినవి

సరుకు ఎత్తే రోజే కొనేది ఎవరో తేల్చుకోండి. కంపెనీ అయితే సీఐఎన్ నంబరుంటుంది, రాసుకోండి. సొంత వ్యాపారి అయితే ఈ గొడవే లేదు, దావా నేరుగా ఆయన మీదే.

కాటా చీటీ, కౌంటు, రేటు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకే చోట దాచండి. చేతులెత్తేసిన అగ్రిగోల్డ్ కంపెనీ డిపాజిటర్లకు 2019లోనూ 2021లోనూ ప్రభుత్వం డబ్బు ఇచ్చినప్పుడు కూడా బాండ్లూ రశీదులూ చూపించమన్నారు.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ స్థితి అప్పుడప్పుడూ చూడండి. పేరు కొట్టేస్తామన్న నోటీసు వస్తే, అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే. దాన్ని నోటీసు ఇచ్చిన రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా పంపండి. అప్పటికే కొట్టేసి ఉంటే, గెజిట్‌లో పడిన నాటి నుంచి 20 ఏళ్లలోపు పేరు పునరుద్ధరించమని బాకీ రావలసినవారు కంపెనీ లా ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. మన రాష్ట్రంలో నమోదైన కంపెనీలకు దాని అమరావతి బెంచి ఉంది.

చేయకూడనివి

ఇరవై ఏళ్లుందని ఊరుకోవద్దు. పొరపడేది ఇక్కడే. ఆ గడువు కంపెనీ పేరుకు. మీ బాకీకి మామూలుగా మూడేళ్లే. అది దాటకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకంతో ఉత్తరం తీసుకోండి, లేదా దావా వేయండి.

కంపెనీ మీద దివాలా పరిష్కార ప్రక్రియ మొదలైందని పేపర్లో ప్రకటన పడితే ‘తర్వాత చూద్దాం’ అనవద్దు. సరుకు అమ్మినవారు ఫారం బి, జీతం రావలసిన కార్మికులు ఫారం డి ఆ ప్రకటనలో ఇచ్చిన తేదీలోపు ఇవ్వాలి. ఆమోదించిన పరిష్కార ప్రణాళికలో చేరని బాకీలు రద్దయిపోతాయని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తేల్చేసింది.

‘వసూలు చేసిపెడతాం’ అన్నవారికి అసలు కాగితాలు ఇవ్వవద్దు. నకళ్లు చాలు.

లాయరు ఖర్చుకు వెనకాడేవారు మచిలీపట్నంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా సరే. మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ సాయం ఉచితం.