గ్యాస్ గీజర్: పొగ పోయే దారి ఒక్కటే చాలదు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌తో తెలుగువారి బంధం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటిది. రైల్వే ఉద్యోగాలకు వెళ్లిన కుటుంబాలు ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి కాలనీల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి చలి మన కోస్తా చలికంటే గట్టిది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లాలంటే వేణ్నీళ్లు ఉండాల్సిందే. బొగ్గుల పొయ్యి అయితే పొగతో కళ్లు మండించి తలుపు తీయించేది. గ్యాస్ మంటకు పొగ కనబడదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడిచేసే గీజర్ నిమిషానికి దాదాపు 16 గ్రాముల ఎల్‌పీజీని కాలుస్తుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి 15 కిలోలకు పైగా గాలి కావాలి. అంటే పది నిమిషాల స్నానానికి సుమారు 2 ఘనపు మీటర్ల గాలి ఖర్చవుతుంది. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న స్నానాల గదిలో ఉండే గాలే నాలుగున్నర ఘనపు మీటర్లు! మనిషి పీల్చుకోవాల్సింది కూడా అందులోంచే.

ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండదు. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకయితే పట్టిచ్చే ఘాటు వాసన కలిపింది ఎల్‌పీజీకే. కాలాక అది మిగలదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆపై స్పృహ తప్పడం. లోపల గడియ వేసుకున్న మనిషికి తలుపు దాకా నడిచే ఓపిక కూడా ఉండకపోవచ్చు.

పొగగొట్టం ఈ వాయువులను ఎలా బయటికి పంపుతుంది? వేడి వాయువు తేలిక, బయటి చల్లగాలి బరువు. 3 మీటర్ల గొట్టంలో 120 డిగ్రీల వాయువు ఉండి, బయట 15 డిగ్రీలుంటే ఏర్పడే ఒత్తిడి తేడా 10 పాస్కళ్ల లోపే. వాతావరణ పీడనంలో ఇది పదివేలో వంతు. ఇంత బలహీనమైన లాగుడును చెడగొట్టడం చాలా తేలిక. తలుపులన్నీ బిగించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, ఫ్యాన్ ఆ గొట్టంలోంచే గాలిని వెనక్కి లాగవచ్చు. పొగ తిరిగి గదిలోకే వస్తుంది. బయటికి పోయినంత గాలి మరో దారిన లోపలికి రావాలన్న సంగతే చాలామంది పట్టించుకోరు. పాత కాలపు ఇళ్లలో గోడ పైభాగాన ఉండే వెంటిలేటర్లు, తలుపు కింది సందు చేసే పని ఇదే. చలికి వాటిలో గుడ్డలు కుక్కితే ఆ దారి మూసుకుపోయినట్టే.

మన దగ్గర దొరికే చిన్న గీజర్లలో చాలావాటికి అసలు పొగగొట్టమే ఉండదు. వాటిని స్నానాల గదిలో బిగించనే కూడదు. బయట, గాలి ఆడే చోట గోడకు పెట్టి, వేడినీటిని మాత్రం పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా మారినా, గీజర్ చుట్టూ మసి కనిపించినా వాడకం ఆపి మెకానిక్‌ను పిలవాలి. లోపలున్నవారు పిలిస్తే పలకకపోతే తలుపు బద్దలుకొట్టి బయటికి తేవాలి, గ్యాస్ కట్టేయాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే తగ్గుతుంది.