కిన్నెర పాట – పేరు, బతుకుదెరువు

సినిమా రాకముందే విడిగా వదిలే పాటను 'సింగిల్' అంటారు. 2021 సెప్టెంబర్ 2న తమన్ సంగీతంలో వచ్చిన 'భీమ్లా నాయక్' పాట అలాంటిదే. అందులో మొదట వినిపించే గొంతు మన నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యది. ఆ పాట ఊరూరా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయినా 2024లో ఆయన కూలిపనికి పోతున్నారని పత్రికలు రాశాయి.

పాట హిట్టయితే, దాని హక్కులున్న కంపెనీకి ఏళ్ల తరబడి రాబడి ఉంటుంది. పాడినవారికి చాలాసార్లు ఒక్కసారి ఇచ్చే డబ్బే దక్కుతుంది. అందుకే పేరు వేరు, బతుకుదెరువు వేరు. మన వార్షికోత్సవానికి జానపద కళాకారులను పిలిస్తే చప్పట్లతో సరిపెట్టక సంభావన కూడా ఇద్దాం. వారి దగ్గర కూర్చొని ఒక్క పాటైనా నేర్చుకుందాం.