హీటరు ఎందుకు కాలడం లేదు?

పొద్దున అయిదు గంటలు. మొదటి షిఫ్టుకు పోయే మనిషికి టిఫిన్ కట్టాలి. హీటరు మీద బియ్యం గిన్నె పెట్టి స్విచ్చి వేశారు. పది నిమిషాలైంది. నీళ్లు చల్లగనే ఉన్నాయి. కాయిలు ఎర్రబడలేదు.

గోదావరిఖని, రామగుండం గనుల కాలనీల్లో ఇది కొత్త సంగతి కాదు. సింగరేణి క్వార్టర్లలో ఒకప్పుడు బొగ్గు పొయ్యిలు ఉండేవి. తర్వాత చాలా ఇళ్లలోకి కరెంటు హీటర్లు వచ్చాయి. ఇప్పుడు గ్యాసు ఉన్న ఇంట్లో కూడా మూలకు ఒక హీటరు కనిపిస్తుంది. అది కాలకపోతే కొందరు మగవాళ్లు డ్యూటీ దిగి వచ్చేదాకా ఎదురు చూస్తారు. కొందరు తెగిన తీగను తామే ముడి వేస్తారు. ఆ ముడి వేసేటప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

హీటరులో మంట లేదు. మరి వేడి ఎక్కడిది?

అది మన గనుల బొగ్గులో వేడే. గనిలో తీసిన బొగ్గు రామగుండం ఎన్.టి.పి.సి.కి పోతుంది. అక్కడ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. బొగ్గు కాల్చి నీళ్లను ఆవిరి చేస్తారు. ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. దాంతో కరెంటు పుడుతుంది. తీగల మీద ఇళ్లకు వస్తుంది.

హీటరు కాయిలు మామూలు తీగ కాదు. నికెల్, క్రోమియం అనే రెండు లోహాలు కలిపి దాన్ని చేస్తారు. పేరు నైక్రోమ్. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన ఇలాంటి తీగకు పేటెంటు పొందాడు. రాగి తీగలో కరెంటు సులువుగా పోతుంది. నైక్రోమ్ తీగలో అట్ల పోలేదు. జాతరలో ఇరుకు సందులోంచి జనం తోసుకుంటూ పోయినట్టు పోతుంది. ఆ ఒరిపిడికి తీగ ఎర్రగా కాలుతుంది. ఇనుప తీగ అయితే అంత వేడికి తొందరగా తుప్పు పట్టి రాలిపోతుంది. నైక్రోమ్ చాలా రోజులు నిలుస్తుంది.

ఇంకొక మాట గుర్తు పెట్టుకోవాలి. కరెంటుకు రెండు తోవలు కావాలి. ఒకటి వచ్చే తోవ. ఇంకొకటి తిరిగి పోయే తోవ. ఈ రెండింటిలో ఎక్కడ తెగినా హీటరు కాలదు. రిపేరు అంటే తెగిన చోటు వెతకడమే.

"అక్కా, లైను పోయిందేమో!"

"ఫ్యాను తిరుగుతుంది కద చెల్లె. లైను ఉంది."

"టెస్టరు పెట్టి చూసిన. వెలిగింది. అయినా హీటరు కాలుతలేదు."

"టెస్టరు వచ్చే తోవనే చూపిస్తది. పోయే తోవ తెగితే దానికి తెలువదు. అదే సాకెట్టుల టేబులు ఫ్యాను పెట్టి చూడు."

ఈ అక్క చెప్పింది మంచి ఉపాయం. అదే సాకెట్టులో ఫ్యాను తిరిగితే సాకెట్టు బాగుంది. చెడింది హీటరే. ఫ్యాను కూడా తిరగకపోతే చెడింది సాకెట్టో, దాని ఫ్యూజో. ఫ్యూజు పోతే మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజు తీగనే వేయించాలి. లావు రాగి తీగ చుట్టకూడదు. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు తాను కాలిపోయి ఇంటిని కాపాడుతుంది. లావు తీగ కాలదు. గోడలో వైర్లు కాలుతాయి.

చెడింది హీటరే అయితే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదా? చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగు తప్పుగా ఉంటుంది. స్విచ్చి పోయే తోవకు పెట్టి ఉంటుంది. అప్పుడు స్విచ్చి ఆపినా కాయిలులో కరెంటు ఉంటుంది. చేయి పెడితే షాకు కొడుతుంది. ప్లగ్గు పీకి, హీటరు పూర్తిగా చల్లారినాక పొడి చేతులతో ముట్టాలి.

మొదట ప్లగ్గు చూడండి. పిన్నులు నల్లబడ్డాయా? లోపల స్క్రూ వదులైందా? తర్వాత వైరు చూడండి. వేడికి పైతొడుగు గట్టిపడి పగిలి ఉంటుంది. తర్వాత కాయిలు కొనలు. కొనలు బిగించిన స్క్రూల దగ్గర మసి పట్టి ఉంటే గీకి మళ్లీ గట్టిగా బిగించాలి. చాలాసార్లు రోగం ఇక్కడే ఉంటుంది.

అక్కడ బాగుంటే కాయిలు తెగి ఉంటుంది. గంజి, పులుసు పొంగి పడిన చోట తీగ పాడవుతుంది. పైకి బాగనే కనిపిస్తుంది. చిన్న పుల్లతో లేపి చూస్తే తెగిన చోటు దొరుకుతుంది.

తెగిన కొనలు లాగి మెలివేస్తే హీటరు కాలుతుంది. అందుకే అందరూ అదే చేస్తారు. కానీ రెండు మూడు సార్లు మెలివేస్తే తీగ పొట్టిదవుతుంది. పొట్టి తీగలో కరెంటు ఎక్కువ పోతుంది. ఫ్యూజు కొడుతుంది. మెలి దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, మళ్లీ అక్కడే తెగుతుంది. కొత్త కాయిలు కొనడమే మేలు.

దుకాణంలో "ఒక కాయిలు ఇయ్యి" అంటే చాలదు. ప్యాకెట్టు మీద అంకె చదవాలి. 1000, 1500, 2000 అని ఉంటుంది. అవి వాట్లు. 1500 వాట్ల కాయిలుకు ఆరున్నర ఆంపియర్ల కరెంటు కావాలి. ఇంట్లో చిన్న సాకెట్టు మీద 6 అని ఉంటుంది. అది చాలదు, కాలిపోతుంది. 16 అని ఉన్న పెద్ద సాకెట్టు కావాలి. పాత సాకెట్ల మీద 5, 15 అని ఉంటుంది.

కాయిలు వేసే పద్ధతి ఇది. పలక గాడిలో ఒక దారం పరిచి, గాడి ఎంత పొడుగుందో అంత తెంపాలి. కాయిలును ఆ దారమంత పొడుగుకు సమంగా సాగదీయాలి. ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా ఉంటే దగ్గరున్న చోట ఎక్కువ కాలి తొందరగా తెగుతుంది. తీగ గాడి దాటి పైకి రాకూడదు. పైకి వస్తే గిన్నెకు తగులుతుంది. గిన్నెలోకి కరెంటు వస్తుంది. తడి నేల మీద నిలబడి ఇనుప గరిటె పెట్టిన మనిషికి షాకు కొడుతుంది. అందుకే గిన్నె పెట్టినా, దించినా, కూర కలిపినా ముందు ప్లగ్గు పీకాలి. విసుగు అనిపిస్తుంది, అయినా పీకాలి.

హీటరుకు మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి. పైన ఉన్న లావు పిన్ను ఎర్తు. దాని వైరు హీటరు డొక్కుకు బిగించి ఉండాలి. డొక్కులోకి కరెంటు వస్తే భూమిలోకి పంపేది అదే. రెండు పిన్నుల ప్లగ్గు చవకని కొంటే ఆ కాపలా ఉండదు.

ఎవరికైనా షాకు కొట్టి అతుక్కుపోతే వాళ్లను ముట్టొద్దు. ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ దూరమైతే ఎండిన కర్రతో తోయాలి. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

నీళ్లు కాగబెట్టే రాడ్డులో, కేకులు కాల్చే ఓవెన్‌లో కూడా ఇలాంటి తీగే ఉంటుంది. అక్కడ తీగ గొట్టం లోపల ఉంటుంది. తీగ తెగితే గొట్టం మొత్తం మార్చాలి. ఆ పని మెకానిక్కుదే.

చూసి రాయండి:

మీ హీటరు ప్లగ్గుకు ఎన్ని పిన్నులు ఉన్నాయి? సాకెట్టు మీద ఏ అంకె ఉంది?

1000 వాట్ల హీటరు ఒక గంట కాలితే 1 యూనిట్ కరెంటు అవుతుంది. 1500 వాట్ల హీటరు రోజుకు 2 గంటలు కాలితే 30 రోజులకు ఎన్ని యూనిట్లు?