పాలు చూడమంటే చూశాడు: ప్రత్యేక అవసరాలున్న పిల్లల పెంపకం

1953లో మద్రాసు రాష్ట్రం నుండి మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత కూడా బళ్లారిలోని అనేక ఇళ్లలో తెలుగు వంటింటి భాషగా, జోలపాటల భాషగా నిలిచి ఉంది. అటువంటి ఒక ఇంటిని ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇంట్లో తల్లి, తండ్రి, అవ్వ, తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. పిల్లవాడికి ఆటిజం ఉన్నట్లు నాలుగో ఏట వైద్యులు నిర్ధారించారు. ఇది ఏ ఒక్క కుటుంబపు కథా కాదు. ఇటువంటి ఇళ్లలో తరచు ఎదురయ్యే సందర్భాలను ఒకచోట కూర్చిన ఉదాహరణ మాత్రమే.

ఒక ఉదయం తల్లి మిద్దె మీద బట్టలు ఆరవేయడానికి వెళుతూ, "పొయ్యి మీద పాలున్నాయి, చూస్తా ఉండు సామీ" అని చెప్పింది. ఆమె తిరిగి వచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయింది. గట్టు మీది నుండి పాలు నేలకు కారుతున్నాయి. గ్యాస్ వాసన వస్తోంది. ఆమె గబగబా స్టవ్ కట్టేసి కిటికీలు తెరిచింది. పిల్లవాడు పొయ్యి పక్కనే కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఏమి రా ఇది?"

"చూస్తానే ఉన్నానమ్మా. పొంగినాయి."

ముందు భయం, తరువాత కోపం, సాయంత్రం తండ్రికి చెప్పేటప్పుడు నవ్వు వచ్చాయి. ఆ ఇంట్లో చాలా సంగతులు ఈ వరుసలోనే నడుస్తాయి.

చెప్పిన మాట, చెప్పని మాట

ఇక్కడ పొరపాటు ఎవరిది? "చూస్తూ ఉండు" అనే మాటలో పొంగు వస్తున్నదని గుర్తించడం, మంట తగ్గించడం, పెద్దలను పిలవడం అనే మూడు పనులు దాగి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పైకి చెప్పలేదు. చాలామంది పిల్లలు చెప్పని పనిని కూడా గ్రహిస్తారు. ఆటిజం ఉన్న పిల్లలలో అనేకులు మాటను దాని నేరైన అర్థంలోనే తీసుకుంటారు. ఇది మొండితనమూ కాదు, వెక్కిరింపూ కాదు. పిల్లవాడు తనకు అప్పగించిన పనిని నూటికి నూరు పాళ్లు చేశాడు.

గ్యాస్ పొయ్యి దగ్గర ఏ పిల్లవాడినీ ఒంటరిగా వదలరాదన్నది తల్లి నేర్చుకున్న మొదటి జాగ్రత్త. పని చెప్పే తీరు మార్చుకోవడం రెండవది. మరునాడు ఆమె వంటింట్లోనే ఉండి, "పాలు గిన్నె అంచుదాకా లేస్తే నన్ను పిలువు" అని చెప్పింది. పాలు లేచాయి. పిల్లవాడు పక్కనే ఉన్న తల్లిని నాలుగిళ్లకు వినిపించేంత గట్టిగా పిలిచాడు. "మెల్లగా పిలువు" అని చేర్చవలసి ఉండెనని ఆమెకు అప్పుడు తోచింది.

ఒకసారికి ఒకే పని చెప్పడం, పని ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం, చెప్పినదాన్ని చేసి చూపించడం, రోజూ చేసే పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటించడం ఇటువంటి పిల్లలకు ఎంతో ఉపకరిస్తాయి. "వెళ్లి తయారవు" అనేదానికి బదులు "చొక్కా వేసుకో" అని, అది అయిన తరువాత "చెప్పులు వేసుకో" అని చెప్పడం మేలు.

అవ్వ మాటల పుస్తకం

తెలుగు నుడికారం నిండా నేరుగా అర్థం చేసుకోకూడని మాటలే. ఒకనాడు అవ్వ విసిగి, "చెవిలో ఇల్లు కట్టుకొని పోరుతున్నాడమ్మా వీడు" అన్నది. పిల్లవాడు టార్చిలైటు తెచ్చి ఆమె చెవిలోకి వెలుగు వేసి చూశాడు. ఇల్లు కనబడలేదని ఎంతో బాధ్యతగా తెలియజేశాడు.

ఆ రోజు నుండి అవ్వ అటువంటి మాట అన్నప్పుడల్లా దాని అర్థం కూడా చెప్పడం అలవాటు చేసుకున్నది. పిల్లవాడు వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. అట్ట మీద "అవ్వ చెప్పే నిజం కాని మాటలు" అని పేరు పెట్టాడు. కొన్ని నెలలకు, హోంవర్క్ గురించి తండ్రి మూడోసారి అడగ్గానే, "నాయనా, నా తల తినొద్దు" అన్నాడు. వెంటనే తండ్రి కంగారు పడతాడేమోనని, "ఇది నిజంగా తినేది కాదు" అని ధైర్యం చెప్పాడు. ఇల్లంతా నవ్వింది. పిల్లవాడు కూడా నవ్వాడు.

ఇంటి భాష మానాలా?

ఇటువంటి కుటుంబాలకు "ఇంట్లో తెలుగు మానేయండి, బడి భాష ఒక్కటే మాట్లాడండి" అనే సలహా తరచు ఎదురవుతుంది. మంచి మనసుతో చెప్పినదైనా, దాని ప్రకారం నడిస్తే కన్నడం అంతగా రాని అవ్వ మనవడితో మాట్లాడటానికి మాట ఉండదు. అలసిన తల్లి తనకు పట్టులేని భాషలో బిడ్డను ఓదార్చవలసి వస్తుంది. నోటుపుస్తకం అక్కడితో ఆగిపోతుంది.

ఆటిజం లేదా డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు రెండు భాషల మధ్య పెరిగినందువల్ల వారి మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనలలో తేలలేదు. ఇంటి భాషను నిలుపుకొంటూనే బడి భాషను నేర్పవచ్చు. మాట నేర్పే చికిత్సకునికి ఇంట్లో ఏ భాష వాడుతున్నదీ దాచకుండా చెప్పాలి.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లను పేర్కొన్నది. ఈ మినహాయింపు చదువు భారాన్ని తగ్గించడానికే. ఇంట్లో మాట్లాడుకునే భాషకు దానితో సంబంధం లేదు.

వీధిలో

ఇంట్లో కలిగే నవ్వు, వీధిలో వినిపించే నవ్వు ఒకటి కావు. పెళ్లిలో బ్యాండు మోగగానే పిల్లవాడు చెవులు మూసుకొని కేకలు వేస్తాడు. ఉగ్గాని బజ్జీల అంగడి ముందు వరుసలో నిలబడలేక నేల మీద పడతాడు. చూసినవారు కొందరు నవ్వుతారు, కొందరు "పెంపకం సరిగా లేదు" అంటారు. ఆటిజానికి పెంపకంలోని లోపం కారణం కాదు. పెద్ద శబ్దాలు, గుంపు, ఆకస్మికమైన మార్పు కొందరు పిల్లలకు భరించరానివిగా ఉంటాయి. అటువంటప్పుడు దారి ఇవ్వడం, గుంపు కూడకపోవడం, "ఏమన్నా సాయం కావాలామ్మా?" అని తల్లిని మెల్లగా అడగడం ఇరుగుపొరుగు చేయగల సహాయం.

తల్లికి విశ్రాంతి దొరకడం కూడా పిల్లవాని సంరక్షణలో భాగమే. వారానికి రెండు సాయంత్రాలైనా తండ్రి ఆ బాధ్యతను పూర్తిగా తీసుకోవడం ఉపకారం కాదు, బాధ్యత.

తెలుసుకోవలసిన హక్కులు

1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజానికి పాత జాబితాలో చోటు లేదు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరలోని బడినైనా, ప్రత్యేక పాఠశాలనైనా ఎంచుకోవచ్చు. ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి వర్తిస్తుంది. దాని కింద నడిచే నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండితే తల్లిదండ్రులు తమంతట తాము చట్టపరమైన సంరక్షకులుగా కొనసాగరు. అవసరమైనచో జిల్లాలోని స్థానిక స్థాయి సమితికి దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతి చాలా కుటుంబాలకు బ్యాంకులోనో, ఆస్తి పత్రాల దగ్గరో ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి ముందే తెలుసుకోవడం మంచిది.

అభ్యాసం

1. "ఇల్లు చూసుకో", "తమ్ముణ్ణి చూడు", "దారి చూడు" అనే మాటలలో దాగి ఉన్న పనులేవి? వాటిని నేరుగా ఎలా చెప్పవచ్చు?

2. మీ ఇంట్లో పెద్దలు వాడే నుడికారాలలో ఐదింటిని రాసి, వాటి అర్థాన్ని ఒక పిల్లవాడికి వివరించండి.

3. మీ వీధిలో ఇటువంటి కుటుంబం ఉన్నచో, రాబోయే పండుగనాడు వారికి సౌకర్యంగా ఉండేందుకు మీరు చేయగల ఒక మార్పును ఆ తల్లిదండ్రులను అడిగి తెలుసుకోండి.