దాచుకోకుండా చెప్పగలగాలి

పిల్లల చేతికి ఫోనిచ్చాక తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది, రోజుకు ఎంతసేపు చూడనివ్వాలి అని. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ ఫోనులో జరగరానిది ఏదైనా జరిగితే మీ అబ్బాయో అమ్మాయో మొదట ఎవరికి చెప్పుకుంటారు? ‘మాకే’ అని మీరు నమ్మకంగా అనగలిగితే మిగతా జాగ్రత్తలు నేర్పడం పెద్ద కష్టం కాదు. అనలేకపోతే ఎన్ని లాకులు వేసినా, ఎన్ని యాప్‌లు తీయించినా చాలదు.

ఫోనులో జరిగే మోసాలు బతికేది రహస్యం మీద. డిజిటల్ అరెస్ట్ కేసులే చూడండి. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసినవాడు ముందు కేసు ఉందని భయపెడతాడు, ఆ వెంటనే ‘గది తలుపు వేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అంటాడు. పక్కగదిలో ఉన్న కొడుక్కో కోడలికో ఒక్క మాట చెప్పి ఉంటే వ్యవహారం అక్కడితో ఆగిపోయేది. రిటైరైన అధికారులు, డాక్టర్లు కూడా అలా తలుపు వేసుకుని జన్మంతా కూడబెట్టింది పోగొట్టుకున్నారు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని 2024 అక్టోబరులో ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి దేశానికి చెప్పవలసి వచ్చింది. లోకం చూసిన పెద్దవాళ్లనే అంతగా కట్టిపడేసిన వాళ్లకు పదిహేనేళ్ల పిల్లవాడు ఒక లెక్కా?

పిల్లలకు ఎదురయ్యే మోసాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఫొటోలతో బెదిరించడం. అది నడిచే తీరు దాదాపు ఎక్కడైనా ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లో తోటి వయసు అమ్మాయి పేరుతో రిక్వెస్టు వస్తుంది. ఏ కాలేజీ, ఏ హీరో అభిమాని అన్నది ప్రొఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి మాట కలపడం తేలిక. రెండు మూడు రోజుల్లో కబుర్లు టెలిగ్రామ్‌కో వాట్సాప్‌కో మారతాయి. ఒక రాత్రి వీడియో కాల్ వస్తుంది. అవతల కనిపించేది ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న వీడియో. ఇవతల మాత్రం మన పిల్లవాడు నిజంగానే రికార్డవుతుంటాడు. కాల్ పెట్టేసిన కాసేపటికి వాడి ఫాలోవర్ల జాబితా స్క్రీన్‌షాట్ వస్తుంది. దాని కింద ‘గంటలో డబ్బు పంపకపోతే ఇది మీ అక్కకి, మీ క్లాసు గ్రూపుకి వెళ్తుంది’ అని ఉంటుంది. ఆడపిల్లల విషయంలో ఆ కాల్ కూడా అక్కర్లేకుండా పోయింది. పెళ్లిలో దిగిన మామూలు ఫొటో దొరికితే చాలు, ఏఐతో ఆ మొహాన్ని వేరే శరీరానికి అతికిస్తున్నారు. ఏ తప్పూ చేయని పిల్ల తప్పు చేసినదానిలా వణికిపోతుంది.

ఆ రాత్రి పిల్లల మనసులో తిరిగే మాట ఒకటే: ‘నాన్నకి తెలిస్తే చంపేస్తాడు.’ మోసగాడు నమ్ముకున్నది కూడా ఆ మాటనే. అమ్మ పర్సులోంచి తీసి పంపుతారు, స్నేహితుల దగ్గర అప్పు చేసి పంపుతారు, పంపినకొద్దీ వాడు ఇంకా అడుగుతాడు. కొందరు పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. అందుకే అమ్మానాన్నలను నేను మనసారా కోరేది ఇది. మీ బిడ్డ ఎప్పుడైనా మొహం వేలాడేసుకుని వచ్చి ‘ఒక విషయం చెప్పాలి’ అంటే, విన్నాక మీ నోటి వెంట వచ్చే మొదటి మాట ‘ఎందుకు చేశావు’ కాకూడదు. ‘చెప్పి మంచిపని చేశావు, ఇక ఇది నేను చూసుకుంటాను’ అనండి. కోపం వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? అది రేపటిదాకా ఆగగలదు. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా పడుకోనివ్వకండి.

ఆ తర్వాత చేయాల్సిన పనులు ఉన్నాయి. పైసా కూడా పంపకండి. చాట్‌ను డిలీట్ చేయకండి, సిగ్గుతో పిల్లలు మొదట చేసే పని అదే. వాడి యూజర్‌నేమ్, ఫోన్ నంబరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, అప్పుడు బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలకు విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు వయసులో తీసిన అలాంటి ఫొటోలను తొలగించడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ 2023 నుంచి నడుస్తోంది. అందులో ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. దాని డిజిటల్ గుర్తును ఫోనులోనే తయారుచేసి, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వేదికలు ఆ గుర్తుతో దాన్ని పట్టుకుని తీసేసేలా చేస్తారు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం, పంచడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరం. నేరస్థుడు అవతలివాడు, అన్యాయం జరిగింది మీ బిడ్డకు. ఈ మాట బిడ్డకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి. పిల్లలకు ఇంకెవరి తోడైనా కావాలంటే చైల్డ్‌లైన్ 1098 ఉంది.

డబ్బు పోయినచోట మాత్రం ఆలోచిస్తూ కూర్చునే సమయం లేదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పోయిన డబ్బు ఒక ఖాతాలో ఉండదు, నిమిషాల్లో రెండో ఖాతాకు, మూడో ఖాతాకు మారుతుంది. అది మోసగాడి చేతికి అందకముందే దారిలో ఆపించడానికే ఆ నంబరు పెట్టారు. ‘తెల్లారాక బ్యాంకుకు వెళ్దాం’ అనుకుంటే అప్పటికి ఏటీఎంలోంచి తీసేసుకుంటారు.

ఆ రెండో ఖాతా, మూడో ఖాతా ఎవరివో ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చాలావరకు అవి కమీషన్‌కు ఆశపడి అద్దెకిచ్చిన మామూలు మనుషుల ఖాతాలు, వాళ్లలో విద్యార్థులూ ఉంటున్నారు. ‘నీ అకౌంట్లోకి డబ్బు వస్తుంది, తీసి ఇచ్చెయ్, నీకింత’ అని సీనియరో హాస్టల్ మిత్రుడో అడుగుతాడు. ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చేస్తారు. పోలీసులు ముందుగా వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్లింటికే. అది ఎక్కడి డబ్బో తెలియదన్న మాట అప్పుడు పనికిరాదు. ఖాతా తెరిపించిన రోజే ఈ సంగతి చెప్పండి.

ఉద్యోగాల ఆశ దీనికన్నా దూరం తీసుకెళ్తోంది. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో మన కుర్రాళ్లను డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియా తీసుకెళ్లారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోని వాళ్లకే మోసపు కాల్స్ చేయించారు. చేయనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. విదేశంలో ఉద్యోగం అని ఎవరైనా ఏజెంటు అంటే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటుకు అనుమతి ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

ఇక మన గ్రూపుల్లోకి వచ్చే వార్తల సంగతి. పిల్లల మీద మనకున్న ప్రేమే అబద్ధానికి ఎలా ఆయుధమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ ఏడాది వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోయే వీడియో చాలామంది చూసే ఉంటారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో బైకువాళ్లు పిల్లవాణ్ని తిరిగి దింపేసి, జాగ్రత్తగా ఉండమనే అట్ట చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించి మనకు పంపారు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ పుకారు నమ్మిన గుంపు కొట్టి చంపింది. జులైలో హైదరాబాద్ నుంచి స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్లిన ఒక యువ ఇంజినీరు, పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు జనం అనుమానించి కొట్టడంతో బలైపోయాడు. ఆ కాలంలోనే జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఆ వీడియోలు నమ్మొద్దని చెప్పించారు. ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టింది కూడా ఆ జులైలోనే.

‘నిజమో కాదో తెలీదు, మంచికేగా, పంపితే పోయేదేముంది’ అనే అలవాటు మానుకోవాలి. పిల్లలు చూసి నేర్చుకునేది మన ఫార్వర్డుల్లోంచే. అనుమానం వస్తే నిజానిజాలు తేల్చే వేదికలు, హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, కేంద్రం వారి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉన్నాయి, చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఉచిత లాప్‌టాప్ అనో, స్కాలర్‌షిప్ అనో లింకు వస్తే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని కలిసి చదవండి. నొక్కకుండా, చదవడం మాత్రమే. అడ్రసులో ‘హెచ్‌టీటీపీఎస్’ తర్వాత వచ్చే జంట గీతలు దాటి, మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. దానికి సరిగ్గా ముందు ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ ఉంటే ప్రభుత్వ సైటు. ‘జీఓవీ’ ముందెక్కడో ఉండి, ఆ గీత ముందు ‘డాట్ ఎక్స్‌వైజెడ్’ లాంటిదేదో ఉంటే కాదు. రాష్ట్రం పేరు, ముఖ్యమంత్రి ఫొటో, ‘ఇవాళే ఆఖరు తేదీ’ అన్న ఎర్రక్షరాలు ఎవరైనా పెట్టుకోగలరు, ఆ అడ్రసు మాత్రం పెట్టుకోలేరు. ‘వాట్సాప్‌లో వచ్చింది ఏదీ నమ్మకు’ అని చెప్పి ఊరుకుంటే ఇప్పుడు సరిపోదు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలందిస్తోంది. నమ్మదగినదాన్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పాలి. పెళ్లి పత్రిక, ఈ-చలాన్, పీఎం కిసాన్ పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్ల (ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్ల) విషయంలో మాత్రం తర్కం అక్కర్లేదు, ఎవరు పంపినా తెరవకూడదు. తెరిస్తే మన ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. పంపిన బంధువు ఫోను అప్పటికే వాళ్ల చేతిలో ఉండి ఉండొచ్చు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదన్నది కూడా ఇంట్లో నాయనమ్మ దాకా అందరికీ తెలియాలి.

పిల్లల వివరాలు బయటపడేది వాళ్ల వల్లే అనుకుంటాం. చాలా ఇళ్లలో ముందు బయటపెట్టేది మనమే. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రోజుల్లో వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. ‘మా పాపను ఆశీర్వదించండి’ అని హాల్‌టికెట్ ఫొటో. అందులో పాప పూర్తిపేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబరు, ఫొటో, సంతకం, ఫలానా రోజు ఫలానా గంటకు ఎక్కడ ఉంటుందో ఆ సెంటరు అడ్రసు అన్నీ ఉంటాయి. ఫలితాలొచ్చాక ర్యాంకు కార్డు. ‘మీ పాపకు మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం, అడ్వాన్స్ కట్టండి’ అని పేరు, ర్యాంకు సహా చెప్తూ ఫోన్ చేసేవాడికి మీరిచ్చినవే ఆ వివరాలు. ఆశీస్సులు కావాలంటే పరీక్ష ఉందని రాస్తే చాలు, హాల్‌టికెట్ అక్కర్లేదు. స్కూలు డ్రెస్సులో బ్యాడ్జీ కనిపించే ఫొటో, రోజూ బస్సెక్కే చోటు తెలిసే రీలు, చిన్నపిల్లలకు స్నానం చేయిస్తూ తీసిన వీడియో పెట్టకండి. పదేళ్లు దాటిన పిల్లలైతే ఏ ఫొటో పెట్టేముందయినా ‘పెట్టనా?’ అని అడగండి. వద్దంటే మానేయండి. తన మాటకు విలువుందని ఇంట్లో తెలిసిన పిల్ల రేపు బయటివాడు ఫొటో అడిగినప్పుడు వద్దనగలదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. ఆ సమ్మతి ఇచ్చేది మనమే కాబట్టి, చదవకుండా ‘ఎలౌ’ నొక్కకండి. ఇన్‌స్టాగ్రామ్ పదమూడేళ్ల లోపు వారికి కాదు. ఆపై వయసు పిల్లలకు టీన్ అకౌంట్ ఉంటుంది, అందులో ప్రొఫైల్ దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది. వయసు తప్పుగా వేసి ఆ రక్షణ పోగొట్టకండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఈ ఆదివారం ఇంటిల్లిపాదికీ పెట్టేయండి.

చదువులకో ఉద్యోగాలకో పిల్లలను హైదరాబాద్‌కో అమెరికాకో పంపినవాళ్లకు ఇంకొక మాట. ‘మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు, డబ్బు పంపితే వదిలేస్తాం’ అని కాల్ వస్తోంది, వెనకాల ఏడుపు కూడా వినిపిస్తోంది. గొంతును అనుకరించడం ఏఐకి ఇప్పుడు కష్టం కాదు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని గుర్తుమాట ఒకటి పెట్టుకోండి, చిన్నప్పటి ముద్దుపేరో, అమ్మమ్మ వాళ్ల ఆవు పేరో. ఫేస్‌బుక్‌లో ఎప్పుడూ రాయనిదై ఉండాలి. అలాంటి కాల్ వస్తే ఆ మాట అడగండి, పెట్టేసి బిడ్డకు నేరుగా ఫోన్ చేయండి.

పిల్లలతో ఈ సంగతులు మాట్లాడటానికి ఏదో జరిగేదాకా ఆగకండి. ఇవాళ అన్నాలు తినేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి, ‘నీకు ఫోనులో ఎప్పుడైనా ఎవరైనా ఇబ్బందిగా మాట్లాడారా?’ అని మామూలుగా అడగండి. చెప్పినా చెప్పకపోయినా ఈ మాట మాత్రం చెప్పండి: ‘ఎంత పెద్ద తప్పు జరిగినా ముందు మాకు చెప్పు. తిట్టం. ఫోను లాక్కోం. నీ వెంట మేమొస్తాం.’ అలా చెప్పాక, ఆ మాట మీద నిలబడండి.