'వచ్చు'కీ 'ఆలి'కీ నడుమ

చిరంజీవి మేనకోడలికి,

అరకు ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు టీచరుగా చేరావని అక్క చెప్పింది. మనసు నిండింది. మస్ట్, షుడ్, మే, కెన్ పిల్లలకి ఎలా చెప్పాలో మావయ్యనే అడగాలన్నావట. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదమ్మా, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు విను. ఏజెన్సీలో పనిచేసే రోజుల్లో ఒక సాయంత్రం ఒక పెద్దాయన ఇంగ్లీషు నోటీసు పట్టుకొని మా ఇంటికొచ్చాడు. ఆయన సాగుచేసుకునే భూమి గురించి. అందులో 'మే' అని ఉంది. చదివి, "అభ్యంతరం ఉంటే నెల లోపల చెప్పొచ్చంట తాతా" అన్నాను. ఆయన కాగితం మడిచి పంచె కొంగున కట్టుకొని కొండెక్కి వెళ్ళిపోయాడు. రెండు నెలల తరవాత సంతలో కనబడితే ఏమైందని అడిగాను. "చెప్పొచ్చు అన్నారు గదా బాబూ, చెప్పాలి అనలేదు గదా" అన్నాడు. గడువు దాటిపోయింది. నా అనువాదంలో తప్పు లేదు. కానీ నేనన్న 'వచ్చు' ఆయనకి 'చెప్పకపోయినా పరవాలేదు' అని వినబడింది. చెప్పకపోతే ఇక నీ మాట ఎవరూ వినరు తాతా అని నేను ఆ పూటే చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పటినుంచి ఈ మాటలకి పట్టిక రాయించి బట్టీ పట్టించడం మానేశాను. ప్రతి వాక్యాన్నీ పిల్లలచేత మూడు ప్రశ్నలు అడిగించేవాణ్ణి. ఎవరంటున్నారు? ఎవరితో అంటున్నారు? చెయ్యకపోతే ఏమవుతుంది? నువ్వూ అలాగే చెప్పు.

'బడికి వెళ్ళాలి' అనే మన ఒక్క మాటలో ఇంగ్లీషువి మూడు మాటలు దాగున్నాయి. వెళ్ళి తీరాలి అంటే మస్ట్. వెళ్తే మంచిది అంటే షుడ్. వాగు పొంగినా, కాలు నొప్పిగా ఉన్నా వెళ్ళక తప్పదు అంటే హావ్ టు. అలాగే మన 'వచ్చు' కూడా రెండు పనులు చేస్తుంది. 'ఇంటికి వెళ్ళొచ్చు' అంటే అనుమతి. 'వాన రావచ్చు' అంటే అనుమానం. ఈ చిక్కు మన పిల్లలది మాత్రమే కాదు. స్పానిష్ మాట్లాడేవాళ్ళకి కెన్, మే, మైట్ మూడింటికీ 'పోదెర్' అనే ఒక్క క్రియే ఉంది. వాళ్ళూ మనలాగే తడబడతారు.

వద్దనే చోట మాత్రం తెలుగు నీకు అండగా నిలబడుతుంది. 'వెళ్ళకూడదు' వేరు, 'వెళ్ళక్కర్లేదు' వేరని పసిపిల్లకీ తెలుసు. మొదటిది మస్ట్ నాట్, రెండోది నీడ్ నాట్. ఆ తేడాని తెలుగులోంచే ఎత్తి చూపించు. జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు మటుకు జాగ్రత్త. 'నడవాల్సి వచ్చింది' అంటే నడిచాడు, హ్యాడ్ టు. 'నడవాల్సింది' అంటే నడవలేదు, షుడ్ హావ్. చూడ్డానికి ఒకేలా ఉన్నా అర్థం తలకిందులు.

ఇంకొకటి. నీ తరగతిలో ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళుంటారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళుంటారు. వాళ్ళకి తెలుగే రెండో భాష. కాబట్టి "ఇంట్లో అమ్మ వద్దంటే ఏమంటుంది? అక్కర్లేదంటే ఏమంటుంది?" అని ముందు వాళ్ళ భాషలో చెప్పించు. నీకు ఆ మాట రాకపోతే వాళ్ళ దగ్గర నేర్చుకో. టీచరుకి తమ మాట కావాలని తెలిసిన పిల్ల ఇంగ్లీషుకి భయపడదు.

పెద్ద తరగతులకి వచ్చేసరికి, చట్టాల్లో 'తీరాలి' అని చెప్పే 'షల్' నేర్పు. కొండ మనిషి బతుకు ఈ మాట మీద ఆడుతుంది. 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే మన ఏజెన్సీ లాంటి చోట, భూమి సేకరించే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించి తీరాలంటుంది. ఆ 'షల్' సంప్రదించడం వరకే. వాళ్ళు కాదంటే ఆగి తీరాలని అందులో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం, హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగుచేసుకునే అడవిబిడ్డని ఖాళీ చేయించకూడదంటుంది. మనకి 'కూడదు' వాక్యం చివర వస్తుంది. ఆ ఇంగ్లీషు వాక్యంలో 'నో' మొదట్లోనే వచ్చి, 'షల్' ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ 'నో' జారవిడిచిన పిల్లకి చట్టం తిరగబడి వినిపిస్తుంది. వేలు పెట్టి చూపించు.

ఎవరితో అంటున్నారు అన్న ప్రశ్నకి మీ పక్కనే ఉన్న బొర్రా సాక్ష్యం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని 1970లో సవరించిన నిబంధన ఉంది. ఆ 'కూడదు' ప్రభుత్వానికీ వర్తిస్తుందా? బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, నిబంధనలోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరితో అని అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ తీర్పు వచ్చింది.

పిల్లలకి మార్కులు రావాలి, కాదనను. కానీ నీ దగ్గర చదివిన పిల్ల ఏదో ఒక సెలవుకి ఇంటికెళ్తుంది. తాత ఒక కాగితం తెచ్చి చేతిలో పెడతాడు. ఆ పిల్ల 'చెప్పొచ్చంట' అని నాలాగా ఆగిపోకూడదు. "చెప్పకపోతే పోతుంది తాతా, రేపు పొద్దున్నే వెళ్దాం పద" అనాలి. నువ్వు చెప్పే పాఠం అక్కడిదాకా వెళ్ళాలమ్మా.

చలికాలం మొదలవుతోంది, స్వెట్టరు మర్చిపోకు.

నీ మావయ్య